క్యాన్సర్ జీనోములో మ్యుటేషన్లు అన్నిచోట్లా సమానంగా ఎందుకు పడవు? (డీఎన్‌ఏ రిపేర్ తెలిసినవాళ్ళు కాస్త రండి)

పెరుంగుడి_పైథాన్ · సోమవారం, రాత్రి 10:48

అందరికీ నమస్కారం. ఏడేళ్ళు బ్యాంకుల సాఫ్ట్‌వేర్ రాసి, నాలుగు నెలల క్రితం ఇక్కడే చెన్నై పెరుంగుడిలో ఒక జీనోమ్ కంపెనీలో, అంటే కణంలోని డీఎన్‌ఏ మొత్తం చదివే కంపెనీలో చేరాను. నాది ఎంపీసీ. జువాలజీ అంటే పక్క సెక్షన్ అమ్మాయిలు గీసుకునే కప్ప బొమ్మలే గుర్తు. కాబట్టి ప్రశ్న చిన్నపిల్లాడిలా ఉంటే క్షమించండి.

నా పని ఇదీ. గడ్డలోని డీఎన్‌ఏ, అదే మనిషి రక్తంలోని డీఎన్‌ఏ రెండూ చదివి, గడ్డలో మాత్రమే మారిన అక్షరాలు, అంటే మ్యుటేషన్లు, ఏరాలి (డీఎన్‌ఏ రాత అంతా ఎ, సి, జి, టి అనే నాలుగు అక్షరాలే). వాటిని 96 రకాలుగా విడగొట్టి బార్ గ్రాఫ్ గీయాలి. మార్పులు ఆరు రకాలు (సి→ఎ, సి→జి, సి→టి, టి→ఎ, టి→సి, టి→జి), మారిన అక్షరానికి ఎడమ పక్క నాలుగు అవకాశాలు, కుడి పక్క నాలుగు. 6×4×4 = 96. ఇంతవరకు లెక్కే కాబట్టి నాకు ఇబ్బంది లేదు.

ఇబ్బంది ఎక్కడంటే, ఎండ అయినా సిగరెట్ పొగ అయినా డీఎన్‌ఏ మీద ఇంచుమించు అంతటా పడాలి కదా. మరి ఒకే గడ్డలో కొన్ని ప్రాంతాల్లో మ్యుటేషన్లు కుప్పలుగా, కొన్నిచోట్ల పలచగా ఎందుకున్నాయి? అంతకన్నా విచిత్రం, డీఎన్‌ఏ రెండు పోగుల తాడు కదా, ఒకే జన్యువులో ఒక పోగు మీద ఎక్కువ, రెండో పోగు మీద తక్కువ. నా కోడ్‌లో బగ్ అనుకుని రెండు రోజులు వెతికాను. దొరకలేదు.

ఇంకోటి. ఒక శాంపిల్‌లో సి→టి మార్పులు విపరీతంగా వచ్చాయి. టూలేమో ఎస్‌బీఎస్30 అంది (ఎస్‌బీఎస్ అంటే ఇలాంటి గ్రాఫు ఆకారాలకి పెట్టిన నంబర్ల వరస), అంటే ఎన్‌టీహెచ్‌ఎల్1 అనే రిపేర్ జన్యువు చెడిన గుర్తు అట. మా టీమ్ లీడ్ ఎగిరి గంతేశారు, అరుదైన కేసని. నాకెందుకో నమ్మబుద్ధి కావడం లేదు.

స్లైడ్‌గ్లాస్ · సోమవారం, రాత్రి 11:05

ఆ శాంపిల్ బ్లాకు ఎన్నేళ్ళది?

పెరుంగుడి_పైథాన్ · సోమవారం, రాత్రి 11:07

బ్లాకు అంటే ఏంటి మేడమ్?

స్లైడ్‌గ్లాస్ · సోమవారం, రాత్రి 11:09

దేవుడా. రేపు రాస్తాను. నాకు పొద్దున్నే ఫ్రోజెన్ సెక్షన్ డ్యూటీ, ఆపరేషన్ మధ్యలోనే గడ్డ ముక్క చూసి చెప్పాలి. ఈలోపు మీ లీడ్‌ను గంతులు ఆపమనండి.

తరమణి_తాబేలు · మంగళవారం, ఉదయం 1:32

నిద్ర పట్టడం లేదు కాబట్టి నేను రాస్తాను. డీఎన్‌ఏ రిపేర్ మీదే ఐదో ఏడు పీహెచ్‌డీ ఈడుస్తున్నాను, పేరు అందుకే పెట్టుకున్నా.

పైథాన్ తమ్ముడూ, దెబ్బకీ మ్యుటేషన్‌కీ మధ్య ఒక మెట్టు నువ్వు దాటేశావు. డీఎన్‌ఏకి దెబ్బ తగులుతుంది. చాలావరకు రిపేర్ అయిపోతుంది. రిపేర్ కాకుండా మిగిలినది, కణం తన డీఎన్‌ఏని కాపీ చేసుకునేటప్పుడు తప్పు అక్షరంగా స్థిరపడితే అప్పుడది మ్యుటేషన్. నీ గ్రాఫులో కనిపించేది చివరి మెట్టు మాత్రమే.

మధ్య మెట్టు ఎంత పెద్దదో చూడు. ఎండా పొగా ఏమీ లేకపోయినా, ఒంటి వేడికీ నీటికీ ఒక్కో కణంలో రోజుకు సుమారు 10,000 ఎ, జి అక్షరాలు వాటంతట అవే ఊడిపోతాయి. తోమస్ లిండాల్ 1970లలో కట్టిన లెక్క ఇది. ఇక 2016లో సైన్స్ పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం, రోజుకో ప్యాకెట్ చొప్పున ఏడాది కాలిస్తే ఊపిరితిత్తుల కణం ఒక్కోదానిలో సగటున 150 మ్యుటేషన్లు చేరతాయి. రెండూ వేర్వేరు రకాల దెబ్బలే, కలిపి భాగహారం చేయకూడదు. కానీ రోజుకు వేలల్లో తగిలే దెబ్బలెక్కడ, ఏడాదికి వందల్లో మిగిలే మచ్చలెక్కడ! మధ్యలో ఎవరో పగలూ రాత్రీ పనిచేస్తున్నారన్నమాట. లిండాల్, పాల్ మోడ్రిచ్, అజీజ్ సంజార్‌లకు 2015లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది ఆ పనివాళ్ళని కనిపెట్టినందుకే.

ఇప్పుడు నీ రెండో ప్రశ్న, ఒక పోగు మీద తక్కువ ఎందుకని. జన్యువును చదివి ఆర్‌ఎన్‌ఏ రాసే యంత్రం ఒకటుంటుంది. అది రెండు పోగుల్లో ఒకదాని మీదే నడుస్తుంది. దారిలో దెబ్బ తిన్న అక్షరం తగిలితే అక్కడే ఆగిపోతుంది, ఆగి రిపేర్‌వాళ్ళని పిలుస్తుంది. దాంతో చదివే పోగు త్వరగా బాగుపడుతుంది, రెండో పోగుకి ఆ సౌకర్యం లేదు. సిగరెట్ పొగలోని బెంజోపైరీన్ జి అక్షరానికి అతుక్కుంటుంది, జి→టి అవుతుంది. ఆ జి చదివే పోగు మీదుంటే మ్యుటేషన్లు తక్కువ, చదవని పోగు మీదుంటే ఎక్కువ. నీకు కనిపించింది అదే. కోడ్ బాగానే ఉంది, పడుకో.

పెరుంగుడి_పైథాన్ · మంగళవారం, ఉదయం 8:20

అక్కా, రెండు రోజుల నా డీబగ్గింగ్ బూడిదలో పోసిన పన్నీరు అయింది. కానీ నా గ్రాఫులో అన్నీ సి, టి లతోనే మొదలవుతాయి, మీరు జి→టి అంటున్నారు?

తరమణి_తాబేలు · మంగళవారం, ఉదయం 8:41

జి కి ఎదురుగా ఎప్పుడూ సి ఉంటుంది కదా. జి→టి అంటే అవతలి పోగు మీద సి→ఎ. మీవాళ్ళు రెంటినీ కలిపి సి వైపునుంచి రాస్తారు. కాకపోతే అలా కలిపేస్తే పోగుల తేడా పోతుంది, అందుకే పోగు సమాచారం విడిగా ఉంచుకోవాలి.

ప్రూఫు_తాతయ్య · మంగళవారం, ఉదయం 10:15

బాబూ, అమ్మాయీ, నాకు సైన్సు రాదు. కోడంబాక్కంలో ఉంటాను. మద్రాసులో ఒక తెలుగు వారపత్రికలో 31 ఏళ్ళు ప్రూఫులు దిద్దాను, సీసపు అక్షరాల కాలం నుంచీ. మీరు రాసింది రెండుసార్లు చదివితే మా ప్రెస్సు గుర్తొచ్చింది.

కంపోజిటర్ తప్పులు అన్ని పేజీల్లోనూ చేస్తాడు. కానీ అచ్చయి వచ్చిన పత్రికలో తప్పులు అన్ని పేజీల్లోనూ ఒకేలా ఉండవు. కథల పేజీలో తక్కువ, వారఫలాల పేజీలో ఎక్కువ. ఎందుకంటే కథని ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు దిద్దేవారు. చదివేవాడి నాలుక తడబడిందంటే అక్కడ తప్పున్నట్టే. వారఫలాలు ఎవరూ పైకి చదవరు, సాయంత్రం టీ తాగాక ఒక చూపు చూసి పంపేసేవాళ్ళం.

ఇంకో సంగతి. మా ముగ్గురు ప్రూఫ్‌రీడర్లలో ఒకాయనకి ఒత్తులు పట్టుకోవడంలో సాటి లేదు. ఇంకొకాయన ల, ళ తేడాలో దిట్ట. పత్రిక చేతికొస్తే చాలు, ఒత్తులు ఎగిరిపోయి ఉంటే ఆ వారం ఎవరు సెలవులో ఉన్నారో చెప్పేవాణ్ణి. కంపోజిటర్ వారమంతా మారకుండా అదే మనిషి. ముద్రారాక్షసం ఏ రకంగా ఉందో చూస్తే రాని ప్రూఫ్‌రీడర్ పేరు తెలుస్తుంది.

మీరు చెప్పేదీ ఇదేనా, లేక నేను పొరబడ్డానా?

తరమణి_తాబేలు · మంగళవారం, ఉదయం 11:02

తాతగారూ, ఇదే. ఐదేళ్ళలో మా గైడ్‌కి కూడా నేను ఇంత సూటిగా చెప్పలేకపోయాను. "వారఫలాల పేజీ" అనే మాట నా థీసిస్‌లో పెట్టుకోవచ్చా?

జీనోములో నిజంగానే వారఫలాల పేజీలున్నాయి. గట్టిగా చుట్టుకుపోయి, జన్యువులు పెద్దగా లేని, కణం కాపీ అయ్యేటప్పుడు చివరికి కాపీ అయ్యే ప్రాంతాలు. అక్కడ మ్యుటేషన్లు ఎక్కువ. విప్పారి, ముందే కాపీ అయ్యే, జన్యువులు నిండుగా ఉన్న ప్రాంతాల్లో తక్కువ. ఇది చాలాకాలంగా తెలుసు. ఎందుకు అన్నదే తేలలేదు. దెబ్బలే అక్కడ ఎక్కువ పడుతున్నాయా, లేక దిద్దేవాళ్ళు అటు వెళ్ళడం లేదా?

2015లో ఫ్రాన్ సుపెక్, బెన్ లెహ్నర్ ఒక తెలివైన పని చేశారు. మిస్‌మ్యాచ్ రిపేర్, అంటే కాపీ చేసేటప్పుడు పడిన తప్పు అక్షరాల్ని దిద్దే పద్ధతి, పూర్తిగా చెడిపోయిన గడ్డల్ని తీసుకుని చూశారు. ఆ గడ్డల్లో రెండు రకాల ప్రాంతాల మధ్య తేడా చాలావరకు మాయమైపోయింది! ఆ ప్రూఫ్‌రీడర్ ఉద్యోగం మానేస్తే కథల పేజీ కూడా వారఫలాల పేజీలాగే తయారయిందన్నమాట. కంపోజిటర్ తప్పులు అక్కడా ఇక్కడా ముందునుంచీ ఇంచుమించు ఒకటే, దిద్దడంలోనే పక్షపాతం ఉంది.

నాకు ఈ పేపర్ చదివినప్పుడల్లా ఒళ్ళు జలదరిస్తుంది. లేని మనిషిని బట్టి ఉన్న మనిషి పని తెలుసుకోవడం.

చుట్ట_సికాకుళం · మంగళవారం, మధ్యాహ్నం 1:40

మాది శ్రీకాకుళం జిల్లా, ఉద్యోగం ఓఎంఆర్‌లో. మా నాయనమ్మ అడ్డపొగ తాగేది, చుట్ట నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని. మీ చెన్నైవాళ్ళకి చెబితే ఎవడూ నమ్మడు. చివరికి అంగిట్లో పుండు, అంగుడు క్యాన్సర్ అన్నారు. ఆమె డీఎన్‌ఏ చదివి ఉంటే చుట్ట వల్లే అని తెలిసేదా?

తరమణి_తాబేలు · మంగళవారం, మధ్యాహ్నం 2:25

బాధగా ఉంది అన్నా. ఉత్తర కోస్తాలో అడ్డపొగకీ అంగుడు క్యాన్సర్‌కీ సంబంధం డాక్టర్లు 1970ల నాటికే రాశారు.

మీ ప్రశ్నకి సూటి జవాబు లేదు. ఊపిరితిత్తుల గడ్డల్లో పొగాకు గుర్తు, ఎస్‌బీఎస్4 అంటారు, కొట్టొచ్చినట్టు ఉంటుంది. నోటి గడ్డల్లో అంత స్పష్టంగా ఉండదు. అక్కడ తరచుగా కనిపించేది అపోబెక్ అనే మన సొంత ఎంజైమ్ చేసిన మార్పులు, అంటే టి పక్కనున్న సి లకి పట్టిన తెగులు. అది వైరస్‌ల డీఎన్‌ఏని పాడుచేయడానికి ఉన్న ఆయుధం, దారి తప్పి మన మీదే పడుతుంది. ఆ ఎంజైమ్‌కి ఒంటరి పోగు కావాలి. రిపేర్ కోసం పోగులు విప్పి ఉంచినప్పుడు కూడా దానికి అవకాశం దొరుకుతుంది. బాగుచేయడానికి తలుపు తీస్తే దొంగ దూరినట్టు.

అంతెందుకు, పొగ తెచ్చే వేడి, మంట, పుండు, మానడం ఇవన్నీ కణాల్ని మళ్ళీ మళ్ళీ విభజించేలా చేస్తాయి. దాని గుర్తు గ్రాఫులో విడిగా కనబడదు. కనబడలేదు కాబట్టి చుట్ట తప్పు లేదని మాత్రం అనకూడదు.

ఆరోగ్యమే_సంపద_9 · మంగళవారం, మధ్యాహ్నం 2:31

[మోడరేటర్ తొలగించారు: డీఎన్‌ఏని బాగుచేసే జ్యూస్ ప్రకటన, ఫోన్ నంబరుతో సహా. మూడోసారి. ఇక ఈ ఖాతా ఉండదు.]

సూళ్ళూరుపేట_ప్యాసింజర్ · మంగళవారం, రాత్రి 9:50

ఎప్పుడూ చదివి వెళ్ళిపోతాను, మొదటిసారి రాస్తున్నాను. మా పిన్నికి అండాశయ క్యాన్సర్. ప్రతి మూడు వారాలకి పొద్దున లోకల్‌లో చెన్నై తీసుకొస్తున్నా. ఆపరేషన్, కీమో అయిపోయాయి. ఇప్పుడు ఒలాపరిబ్ మాత్రలు రాశారు. రిపోర్టులో బీఆర్‌సీఏ1 మ్యుటేషన్ ఉందని, హెచ్‌ఆర్‌డీ పాజిటివ్, స్కోరు 51 అని ఉంది. డాక్టరుగారు మంచివారే, కానీ బయట నలభై మంది కూర్చుని ఉంటారు, అడగడానికి మొహమాటం.

నా అనుమానం ఇది. రిపేర్ చెడిపోవడం వల్ల క్యాన్సర్ వచ్చిందంటున్నారు. ఈ మాత్ర కూడా రిపేర్‌ని ఆపేదే అని గూగుల్‌లో ఉంది. ఇల్లు కాలుతుంటే ఫైరింజను టైర్లు కోయడం కాదా ఇది? రెండు వారాలుగా ఇదే టెన్షన్.

తరమణి_తాబేలు · మంగళవారం, రాత్రి 10:36

అడిగి మంచి పని చేశారు. ఇది వినగానే అందరికీ వచ్చే అనుమానమే.

డీఎన్‌ఏ రెండు పోగులూ ఒకేచోట తెగిపోవడం అన్నిటికన్నా ప్రమాదకరమైన దెబ్బ. దాన్ని తప్పు లేకుండా అతికే పద్ధతి ఒకటే ఉంది. పక్కనే ఉన్న రెండో కాపీని చూసి, అక్షరం పొల్లుపోకుండా రాసుకోవడం. ఈ పనికి బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అనే జన్యువులు కావాలి. ఈ పని చెడడాన్నే హెచ్‌ఆర్‌డీ అంటారు. పిన్నిగారి ఒంట్లో మామూలు కణాలకి ఒక చెడ్డ బీఆర్‌సీఏ1, ఒక మంచిది ఉంటాయి. ఆ ఒక్కటీ చాలు, పని జరుగుతుంది. గడ్డ కణాల్లో సాధారణంగా ఆ మంచిది కూడా పోయి ఉంటుంది. అవి తెగిన కొసల్ని చూసీ చూడక అతికించుకుంటూ బతుకుతాయి. మధ్యలో కొన్ని అక్షరాలు పోతాయి, ముక్కలు తలకిందులవుతాయి. ఆ స్కోరు 51 అనేది ఈ అతుకుల లెక్కే. బాగా వాడుకలో ఉన్న ఒక పరీక్షలో 42, ఆ పైన వస్తే పాజిటివ్ అంటారు.

ఇప్పుడు మాత్ర. ఒక పోగు మాత్రమే తెగితే సరిచేయడానికి పార్ప్ అనే వేరే ఎంజైమ్ ఉంది. ఒలాపరిబ్ దాన్ని డీఎన్‌ఏ మీదే ఇరికించేస్తుంది. కణం కాపీ అవుతూ అక్కడికొచ్చేసరికి రెండు పోగులూ తెగుతాయి. మంచి కణానికి బీఆర్‌సీఏ దారి ఉంది, బయటపడుతుంది. గడ్డ కణానికి ఆ దారి ఎప్పుడో మూసుకుపోయింది, చచ్చిపోతుంది. మీ పోలికలోనే చెప్పాలంటే, దొంగల బండికి ఇప్పటికే స్టెప్నీ లేదు, అందుకని టైరు కోస్తున్నారు. మీ బండికి స్టెప్నీ ఉంది. 2005లో నేచర్‌లో రెండు పేపర్లు ఒకేసారి ఈ సంగతి చూపించాయి, 2014 చివర్లో అమెరికాలో మందుకి అనుమతి వచ్చింది.

స్లైడ్‌గ్లాస్ · మంగళవారం, రాత్రి 11:20

తాబేలు చెప్పింది సరే. రెండు ముక్కలు కలుపుతాను.

ఒకటి: ఆ స్కోరు చరిత్ర. గడ్డ రిపేర్ ఒకప్పుడు చెడింది అని చెబుతుంది, ఇవాళ చెడి ఉందని కాదు. కొన్ని గడ్డల్లో మందు నడుస్తుండగా బీఆర్‌సీఏలో ఇంకో మ్యుటేషన్ వచ్చి జన్యువు మళ్ళీ పనిచేయడం మొదలెడుతుంది. పాత అతుకులు అలాగే ఉంటాయి, స్కోరు మారదు, మందు మాత్రం పట్టదు. విచిత్రం ఏమిటంటే ఆ రక్షించే మ్యుటేషన్ కూడా చాలాసార్లు ఆ అడ్డదిడ్డం అతుకులోనే పుడుతుంది. అందుకే స్కాన్లు, రక్త పరీక్షలు మానకండి, స్కోరు చూసి ధీమా పడకండి. భయపడమనీ చెప్పడం లేదు.

రెండు: ఆ బీఆర్‌సీఏ1 మార్పు గడ్డలోనే ఉందా, పుట్టుకతో వచ్చిందా? రిపోర్టులో జర్మ్‌లైన్ అన్న మాట ఉందేమో చూడండి. పుట్టుకతో వచ్చిందైతే పిల్లలు ఒక్కొక్కరికీ సగానికి సగం అవకాశం, ఆడపిల్ల అయినా మగపిల్లాడైనా. పిన్నిగారి అక్కచెల్లెళ్ళకీ అదే లెక్క, అంటే మీ అమ్మగారికి కూడా. ఇది చెప్పడం నాకిష్టం లేదు, చెప్పకపోవడం అంతకన్నా తప్పు.

మొహమాటం పక్కన పెట్టి ఒక చీటీ మీద ప్రశ్నలు రాసి తీసుకెళ్ళండి. నలభై మంది ఉన్నా చీటీకి జవాబు చెప్పేస్తారు, మేమూ మనుషులమే.

సూళ్ళూరుపేట_ప్యాసింజర్ · మంగళవారం, రాత్రి 11:48

జర్మ్‌లైన్ అని ఉంది మేడమ్. అమ్మ సంగతి నాకు తట్టనే లేదు. పిన్నికి ఇద్దరు పిల్లలు, చెల్లెలికి 26. తమ్ముడు ఇంజనీరింగ్ మూడో ఏడు. థాంక్స్. రేపు మళ్ళీ వస్తాను.

పెరుంగుడి_పైథాన్ · బుధవారం, మధ్యాహ్నం 12:10

నా 51వ ప్రశ్న. హెచ్‌ఆర్‌డీ ఉంటే 96 గ్రాఫులో ఎస్‌బీఎస్3 రావాలట. కానీ ఎస్‌బీఎస్3 బొమ్మ చూస్తే ఏమీ లేదు, ఆంధ్రా మీల్స్‌లో ఉప్పు మర్చిపోయిన పప్పులా ఉంది. 96 బార్లూ ఇంచుమించు ఒకే ఎత్తు. దీన్ని ఎలా పట్టుకుంటారు?

తరమణి_తాబేలు · బుధవారం, మధ్యాహ్నం 12:55

చప్పగా ఉండటమే దాని గుర్తు, కష్టమూ అదే. కొండల్లాంటి గుర్తు అయితే తక్కువ మ్యుటేషన్లలోనూ కనిపెట్టొచ్చు, చదునుది కనిపెట్టాలంటే వేలు కావాలి. మొత్తం జీనోము చదివితే వేలు దొరుకుతాయి. ఎక్సోము అంటే ప్రొటీన్లకి రాత ఉన్న భాగం, అందులో నూటికి ఒకటి రెండు వంతులే, మ్యుటేషన్లు చాలవు. మన ఊళ్ళో ఐఐటీ మద్రాసు 2025 ఫిబ్రవరిలో భారత్ క్యాన్సర్ జీనోమ్ అట్లాస్ పెట్టింది చూడు, రొమ్ము క్యాన్సర్ ఉన్న 480 మందివి, అవి ఎక్సోములే. మనవాళ్ళ డేటా అంటూ ఒకటి ఉండటం పెద్ద సంగతే. ఎస్‌బీఎస్3 కోసం వెతకడానికి మాత్రం అది ఇరుకు.

అందుకే ఒక్క 96 మీద ఆధారపడకు. రెండు కొసల దగ్గరా ఒకేలాంటి కొన్ని అక్షరాలు ఉండి, అతికాక వాటిలో ఒక కాపీ మాత్రమే మిగిలిన తొలగింపులు వెతుకు. చూసీ చూడక అతికించినవాడు ఆ పోలికనే పట్టుకుని అతుకుతాడు, ఆ వేలిముద్ర పోదు.

స్లైడ్‌గ్లాస్ · బుధవారం, రాత్రి 8:30

బ్లాకు సంగతి బాకీ ఉన్నాను. గడ్డ కోసి తీయగానే ఫార్మలిన్‌లో వేస్తాం, కుళ్ళకుండా. తరవాత నీళ్ళు తీసేసి మైనంలో పోస్తాం. అగ్గిపెట్టెలో సగం ఉంటుంది. అదే బ్లాకు. ఏళ్ళ తరబడి గదిలో అట్టపెట్టెల్లో ఉంటాయి. చెన్నై వేడికి, ఏసీ లేని గదిలో.

ఫార్మలిన్ డీఎన్‌ఏని ఊరికే వదలదు. సి అక్షరాన్ని యు (ఆర్‌ఎన్‌ఏలో టి బదులు ఉండే అక్షరం) చేస్తుంది. మీ మెషీన్ యు ని టి అని చదువుతుంది. అంటే మనిషి ఒంట్లో ఎప్పుడూ జరగని సి→టి మార్పులు వేలల్లో. ఈ దొంగ గ్రాఫు ఎస్‌బీఎస్30కి చాలా దగ్గరగా ఉంటుంది. ఎందుకు దగ్గరో ఆలోచించండి. ఎన్‌టీహెచ్‌ఎల్1 అనేది చెడిపోయిన సి లాంటి అక్షరాల్ని తీసేసే పనిమనిషి. ఆ పనిమనిషి లేని బతికున్న కణం, ఏ పనిమనిషీ లేని మైనపు ముక్క, రెండూ ఒకేలా కనిపిస్తాయి. చచ్చిపోయిన కణంలో రిపేర్ చేసేవాళ్ళు ఎవరుంటారు?

నిజమైనదో దొంగదో తేల్చే చిన్న ఉపాయం: ఫార్మలిన్ ఒక్కో డీఎన్‌ఏ ముక్కని విడిగా పాడుచేస్తుంది, అందుకే ఒకేచోట వంద రీడ్లు (మెషీన్ చదివిన ముక్కలు) ఉంటే నాలుగైదింటిలోనే మార్పు ఉంటుంది. గడ్డలో నిజంగా ఉన్న మార్పు అంతకన్నా ఎక్కువ రీడ్లలో కనిపించాలి. మీ లీడ్‌గారి అరుదైన కేసులో ఎంత శాతమో చూడండి.

పెరుంగుడి_పైథాన్ · బుధవారం, రాత్రి 9:15

చూశాను. చాలావరకు 5 శాతం లోపే. ల్యాబ్‌వాళ్ళని అడిగితే బ్లాకు తొమ్మిదేళ్ళదట. నాలుగు నెలలుగా నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

తరమణి_తాబేలు · బుధవారం, రాత్రి 9:40

ల్యాబ్‌లో యూడీజీ అనే ఎంజైమ్ వేసి మళ్ళీ చదవమను. అది మన కణాల్లోనూ ఉండేదే, యు కనబడితే కోసేస్తుంది. పనిమనిషిని సీసాలో తెప్పించుకుంటారన్నమాట. అయితే ఒకటి గుర్తుపెట్టుకో, ఆ తరవాత కూడా నాలుగు బార్లు మిగులుతాయి. సి పక్కన జి ఉన్నచోట, ఎడమ పక్క ఏ అక్షరమున్నా.

ఎందుకో చెప్పనా? సి-జి జంటల్లో సి మీద చాలాసార్లు మిథైల్ అనే చిన్న రసాయన టోపీ ఉంటుంది. టోపీ ఉన్న సి చెడితే యు కాదు, అచ్చమైన టి అవుతుంది. డీఎన్‌ఏలో యు పరాయిది, ఎవరైనా గుర్తుపడతారు. టి సొంతూరి మనిషి, ఎవరు అనుమానిస్తారు? ఒంట్లో కూడా ఇదే కథ. వయసుతోపాటు అందరిలోనూ పెరిగే ఎస్‌బీఎస్1 గుర్తు ఆ నాలుగు బార్లే. ఎంజైమ్ పట్టుకోలేనిది సీసాలోనూ మిగులుతుంది, మనిషిలోనూ మిగులుతుంది.

పనిలో పని, ఈ యు సంగతి మనవాడికీ చుట్టం. మద్రాస్ మెడికల్ కాలేజీలో చదివి, ఖద్దరు తొడిగినందుకు ఎంబీబీఎస్ బదులు ఎల్‌ఎంఎస్ అనే తక్కువ పట్టాతో సరిపెట్టుకున్న మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన బృందం చేసిన అమినోప్టెరిన్ మందుతోనే అమెరికా డాక్టరు సిడ్నీ ఫార్బర్ 1948లో రక్త క్యాన్సర్ పిల్లలకి కొంతకాలమైనా ఊరట తేగలిగాడు. ఆ జాతి మందులు ఫోలేట్ (ఒక బి విటమిన్) దారిని మూసేస్తాయి. కణానికి టి దొరకదు, గతిలేక డీఎన్‌ఏలో యు పెడుతుంది. యూడీజీ దాన్ని కోస్తుంది, మళ్ళీ యు నే పెడుతుంది, మళ్ళీ కోస్తుంది. అలా కోసి కోసి పోగులే తెగిపోతాయి. కణాన్ని చంపే దారుల్లో ఇదొకటి. రిపేర్ చేతుల మీదుగానే చావు.

ప్రూఫు_తాతయ్య · గురువారం, ఉదయం 7:05

అమ్మాయీ, ఆయన చదివిన కాలేజీ ముందునుంచి వెయ్యిసార్లు బస్సులో వెళ్ళి ఉంటాను. ఈ సంగతి ఇవాళ తెలిసింది.

టోపీ ఉన్న సి మా ప్రెస్సులోనూ ఉండేది. "పాలు" బదులు "పోలు" అని పడితే ఎవరైనా పట్టేస్తారు, అలాంటి మాట అక్కడ పొసగదు. "వేడి పాలు" బదులు "వాడి పాలు" పడితే? రెండూ తెలుగే. ముగ్గురం చూసినా దాటిపోయేది.

చుట్ట_సికాకుళం · గురువారం, ఉదయం 10:22

ఒక డౌట్. ఎండ దెబ్బని బాగుచేయలేని పిల్లలుంటారని, వాళ్ళు పగలు బయటికి రాలేరని ఎక్కడో చదివాను. వాళ్ళందరికీ చర్మ క్యాన్సర్ వస్తుందా?

తరమణి_తాబేలు · గురువారం, ఉదయం 11:10

జీరోడెర్మా పిగ్మెంటోసమ్. వాళ్ళ కణాలు అతినీలలోహిత కిరణాల దెబ్బని సరిచేయలేవని జేమ్స్ క్లీవర్ 1968లో చూపించాడు. వాళ్ళకి ముప్పు చాలా చాలా ఎక్కువ. కానీ కాకేన్ సిండ్రోమ్ అని ఇంకోటుంది. తాతగారి ప్రెస్సులో పైకి చదివే మనిషి లేనట్టు, చదివే పోగు రిపేర్ మాత్రమే చెడుతుంది. వాళ్ళకీ ఎండ పడదు, కానీ చర్మ క్యాన్సర్ ముప్పు అలా పెరగదు. చదివే యంత్రం దెబ్బ దగ్గర ఇరుక్కుపోతే కణం తరచుగా చచ్చిపోతుంది, చచ్చిన కణం గడ్డ కాలేదు అన్నది ఒక వివరణ. నేను పూర్తిగా ఒప్పుకోను గానీ ఇప్పటికి అంతకన్నా మంచిది లేదు.

స్లైడ్‌గ్లాస్ · గురువారం, రాత్రి 9:02

ఇవాళ నా మైక్రోస్కోపు కిందికి వచ్చింది కాబట్టి రాస్తున్నా. పెద్దపేగు గడ్డ, చిన్న వయసు మనిషి. మిస్‌మ్యాచ్ రిపేర్ ప్రొటీన్లు నాలుగింటికీ రంగులు వేశాం: ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6. ప్రొటీన్ ఉంటే కణం నడిబొడ్డు కాఫీపొడి రంగు, లేకపోతే లేత నీలం. మొదటి రెండూ మామూలుగా ఉన్నాయి. మూడో స్లైడులో గడ్డ అంతా నీలం. దాని మధ్యలో అక్కడక్కడా చొరబడిన తెల్ల రక్తకణాలు మాత్రం కాఫీ చుక్కల్లా ఉన్నాయి. రంగు పనిచేసిందని ఆ చుక్కలే సాక్ష్యం. నాలుగోది కూడా అంతే. ఎంఎస్‌హెచ్2 పోతే జతగాడు ఎంఎస్‌హెచ్6 నిలవలేడు, అందుకే రెండూ కలిసి పోతాయి.

పైథాన్, మీ డేటాలో (96 గ్రాఫులో కాదు) వీటికి వరసగా ఒకే అక్షరం ఉన్నచోట్ల, ఎఎఎఎఎఎఎఎ లాంటివి, ఒకటి తగ్గడం పెరగడం కుప్పలుగా కనిపిస్తుంది. కాపీ చేసే యంత్రం లెక్క తప్పుతుంది, దిద్దేవాడు లేడు. దాంతో వింత ప్రొటీన్లు పుడతాయి. ఆ కాఫీ చుక్కలు గడ్డలోకి దూరింది వాటి వాసన పట్టే. ఇమ్యూనోథెరపీ, అంటే ఒంటి రక్షణ కణాల్ని గడ్డ మీదికి ఉసిగొల్పే వైద్యం, వీళ్ళలో చాలామందికి బాగా పనిచేయడానికి అదొక పెద్ద కారణం. 2017 మేలో అమెరికాలో పెంబ్రోలిజుమాబ్ అనే అలాంటి మందుకి గడ్డ ఏ అవయవంలో ఉందన్నది చూడకుండా, ఈ రిపేర్ లోపం ఒక్కటే చూసి అనుమతి ఇచ్చారు.

ఈయన అన్నదమ్ముల్ని కూడా పిలిపించమని రాశాను, లించ్ సిండ్రోమ్ (ఈ రిపేర్ లోపం వంశంలో పుట్టుకతో రావడం) కావచ్చు.

పెరుంగుడి_పైథాన్ · తర్వాతి మంగళవారం, రాత్రి 7:44

అప్‌డేట్. యూడీజీ వేసి మళ్ళీ చదివారు. ఎస్‌బీఎస్30 మొత్తం కూలిపోయింది. నాలుగు బార్లు మిగిలాయి, తాబేలక్క చెప్పిన నాలుగే. అవి తొమ్మిదేళ్ళ ఫార్మలిన్‌వా, ఆ మనిషి వయసువా అని లీడ్ అడిగారు. తక్కువ రీడ్లలో ఉన్నవి పక్కన పెడితే ఇంకా కొన్ని గట్టిగా నిలబడ్డాయి, అవి మనిషివే అనుకుంటున్నాను. రోగి వయసు 71.

ఇకనుంచి శాంపిల్ వివరాల్లో బ్లాకు ఏ సంవత్సరానిదో తప్పకుండా రాయాలని ఒక కాలమ్ కలిపాను. నాలుగు నెలల్లో నేను రాసిన కోడ్‌లో పనికొచ్చింది అదొక్కటే.

సూళ్ళూరుపేట_ప్యాసింజర్ · తర్వాతి మంగళవారం, రాత్రి 10:20

చీటీ రాసి తీసుకెళ్ళాను. డాక్టరుగారు చదివి నవ్వి, ఎవరు రాయించారని అడిగారు. జెనెటిక్ కౌన్సెలర్‌కి రాసిచ్చారు. అమ్మ మొదట వద్దంది, నాకేం రోగమని. పిన్నే ఫోన్ చేసి ఒప్పించింది. తమ్ముడు పరీక్షలయ్యాక వస్తానన్నాడు. శనివారం పొద్దున 6 గంటల లోకల్‌లో అమ్మనీ చెల్లెల్నీ తీసుకొస్తున్నా. రక్తం ఇచ్చే ముందు ఏమీ తినకూడదా మేడమ్? అమ్మకి షుగర్ ఉంది.

స్లైడ్‌గ్లాస్ · తర్వాతి మంగళవారం, రాత్రి 10:31

ఈ పరీక్షకి పస్తు అక్కర్లేదు. ఇడ్లీ తినిపించి తీసుకురండి.